పూర్వ విద్యార్థి ఎవరికి జవాబు చెప్పాలి?

సంక్రాంతి ముందూ వెనకా మన కాలేజీల్లో పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు జరుగుతుంటాయి. అమలాపురం కానివ్వండి, రాజోలు కానివ్వండి, కొత్తపేట కానివ్వండి, తంతు ఒకటే. పండక్కి ఊరొచ్చిన పెద్ద ఉద్యోగులు వేదిక ఎక్కుతారు. శాలువా, జ్ఞాపిక, ఫొటో. విదేశంలో స్థిరపడిన ఒకాయన లైబ్రరీకి బీరువాలు ఇస్తానంటాడు. చప్పట్లు, తర్వాత భోజనాలు. వెనక బల్లల మీద కూర్చున్న ఇప్పటి విద్యార్థి మాత్రం ఒక్క మాటైనా అడక్కుండానే ఇంటికెళ్లిపోతాడు. బీరువాలు వద్దని మేం అనడం లేదు. కాకపోతే దీన్ని సంభాషణ అని పిలవడానికి లేదు.

ఈ సమ్మేళనాలు ఈమధ్య ఎందుకు పెరిగాయో కూడా తెలుసుకోవాలి. 1994లో ఏర్పడిన న్యాక్ సంస్థ కాలేజీలకి గ్రేడులిచ్చేటప్పుడు చూసే అంశాల్లో పూర్వ విద్యార్థుల పాత్ర ఒకటి. సంఘం రిజిస్టరయిందా, కాలేజీకి ఏపాటి సాయం చేసింది అని అడుగుతూ వచ్చారు. అడిగేది సాయం గురించి కాబట్టి కాలేజీ కూడా సాయం చేయగల వాళ్లనే పిలుస్తుంది. సాయం చేయగలవాడు ఎవడు? తాతల నాటి కొబ్బరితోట ఉన్నవాడు, లేదా ఆ తోట మీద చదువుకుని విదేశం వెళ్లినవాడు. పేట నుంచొచ్చి గుమస్తాగానో టీచరుగానో స్థిరపడి, తమ్ముళ్ల చదువులకి జీతం ధారపోసినవాడి పేరు ఆ జాబితాలో ఉండదు. ఇదేమీ కుట్ర కాదు, లెక్క వేసే పద్ధతే అలాంటిది. కులం చాలా చోట్ల ఇలాగే పనిచేస్తుంది.

విశ్వవిద్యాలయాల్లో ఇంకో రకం సభ ఉంది. పాత విద్యార్థిని ఒక విషయం మీద మాట్లాడమని పిలుస్తారు. విషయం ముందే ప్రకటిస్తారు, బయటివాళ్లనీ రానిస్తారు. ఉపన్యాసం అరగంట, ప్రశ్నలు గంట. అక్కడ ఆయన అతిథి కాదు, చదువుకుని వెళ్లి ఏం చేశాడో జవాబు చెప్పుకునే మనిషి. మనకి కావలసింది ఈ రెండో రకం.

మన సంగతికొస్తే, కోనసీమ దళితుల్లో చదువుకుని బయటికెళ్లి మళ్లీ జనంతో మాట్లాడినవాళ్లు లేకపోలేదు. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకం రాశాడు. పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద ఉద్యోగి అయ్యే కథ అది. ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపిన తల్లిదండ్రుల గురించి మన పేటల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక చదువుకున్నవాడు తన వాళ్లతో చేసిన సంభాషణ కాకపోతే అదేమిటి? కందికుప్పలో 1939లో పుట్టిన బొజ్జా తారకం న్యాయవాది అయ్యాడు. 1985లో కారంచేడు జరిగాక ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకుని దళిత మహాసభలో నిలబడ్డాడు. తన లా చదువును 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే పుస్తకంగా మార్చి మామూలు జనం చేతిలో పెట్టాడు. 2016లో చనిపోయేదాకా కోర్టుల్లోనూ సభల్లోనూ జవాబు చెబుతూనే ఉన్నాడు. ఎదుర్లంక నుంచి వెళ్లి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకరయ్యాడు. దేశం మొత్తానికి మాట్లాడే వంతు ఇచ్చే కుర్చీ అది. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు. ఎదుర్లంక, యానాం మధ్య గోదావరి మీది వంతెనకి ఆయన పేరే. అంతకుముందు అక్కడ రేవు దాటాల్సిందే.

ఒక మాట ఒప్పుకోవాలి. మేం చెప్పిన ముగ్గురూ మగవాళ్లే, ముగ్గురూ మాలలే. మాదిగ గూడెం నుంచి డిగ్రీ దాటినవాళ్లు, హాస్టల్లో ఉండి చదువుకున్న ఆడపిల్లలు మన జాబితాలో ఎందుకు లేరు? కాలేజీ జాబితాని ప్రశ్నించినవాళ్లం మన జాబితాని కూడా ప్రశ్నించుకోవాలి కదా. ఎస్సీల ఉపవర్గీకరణ చేసుకోవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చాక ఈ మాట దాచినా దాగదు.

అంబేడ్కర్ కూడా పూర్వ విద్యార్థే. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. 1916లో అక్కడి సెమినార్లో కులాల మీద పత్రం చదివాడు. అదే విశ్వవిద్యాలయం 1952లో పిలిచి గౌరవ డాక్టరేటిచ్చింది. ఇదంతా సన్మానాల ఖాతాలో రాసుకోవచ్చు. అసలు లెక్క వేరే ఉంది. స్కాలర్‌షిప్ షరతు ప్రకారం బరోడా కొలువుకి 1917లో వెళ్లినప్పుడు ఉండటానికి ఇల్లు దొరకలేదు, కులం పేరుతో బస చేసిన చోటునుంచి గెంటేశారు. విదేశీ డిగ్రీ కులాన్ని చెరపదని ఆయనకి అక్కడ తెలిసింది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు 1944లో మొదలయ్యే నాటికి ఆయన వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడు. మనలో చాలామంది చదువులు ఆ స్కాలర్‌షిప్ మీదే నడిచాయి. అదే బాబాసాహెబ్ 1956లో ఆగ్రా సభలో చదువుకున్నవాళ్లే నన్ను మోసం చేశారని బాధపడ్డాడని అందరం చెప్పుకుంటాం. చెప్పుకోవడంతోనే సరిపెడుతున్నాం. 1978లో కాన్షీరాం బామ్‌సెఫ్ పెట్టి ఉద్యోగుల్ని సమాజానికి బాకీ తీర్చమన్నాడు. ఆ బాకీని మనవాళ్లు చందాగానే అర్థం చేసుకున్నారు. చందా ఇచ్చినవాణ్ణి ప్రశ్న అడగడం కష్టం, అదీ చిక్కు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్శిటీలో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ 1993లో పుట్టింది. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాక అక్కడి వెలివాడ దగ్గరికి వచ్చి మాట్లాడినవాళ్లలో పాత విద్యార్థులూ ఉన్నారు. ఎవరూ శాలువా కప్పలేదు. మేమున్నప్పుడూ ఇంతే అని కొందరైనా చెప్పడం వల్ల, ఇది ఒక కుర్రాడి బలహీనత కాదు, ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి అని బయటి ప్రపంచానికి తెలిసింది. పూర్వ విద్యార్థి ఇవ్వగల సాయాల్లో సాక్ష్యం అన్నిటికంటే పెద్దది.

ఇక మన జిల్లాలో ఈ అవసరం ఎంతుందో 2022 మే 24 చెప్పింది. కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు చేర్చడానికి ప్రభుత్వం మే 18న ప్రకటన ఇచ్చింది, అభ్యంతరాలు చెప్పుకోడానికి ముప్పై రోజులు గడువిచ్చింది. అంటే మాట్లాడుకోడానికి చట్టప్రకారం దారి ఉంది. వారం తిరక్కుండానే అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ గుంపుల్లో కాలేజీ ఈడు కుర్రాళ్లున్నారు. వాళ్లు అంబేడ్కర్ గురించి తరగతి గదిలో ఏం విన్నారు? పక్క బల్ల మీది పేట కుర్రాడితో ఏనాడైనా ఈ మాట ఎత్తారా? పేరు నిలబడింది, జిల్లా ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ. ఆ సంభాషణ మాత్రం ఇంకా మొదలవలేదు.

దీన్ని మొదలుపెట్టడానికి కాలేజీ అనుమతి కోసం కాచుకు కూర్చోనక్కర్లేదు. మనలో చాలామందికి అసలు తల్లి కాలేజీ కాదు, సాంఘిక సంక్షేమ హాస్టలు. కాబట్టి హాస్టలు పూర్వ విద్యార్థుల్నే పిలుద్దాం. వక్త ప్రసంగ పాఠాన్ని ముందే చూపించమని అడగొద్దు. 1936లో లాహోర్ జాత్‌పాత్ తోడక్ మండల్ అలా ముందే చదివి బెదిరిపోయి సభే రద్దు చేసుకుంది, అంబేడ్కర్ దాన్ని సొంత డబ్బుతో అచ్చేసుకున్నాడు. అధ్యక్షత ఇప్పటి విద్యార్థికే ఇవ్వాలి, ఆడపిల్లయితే మరీ మంచిది. ప్రశ్నలు చీటీల మీద తీసుకోండి, లేకపోతే మొదటి ఏడాది పిల్లలు నోరు తెరవరు. కుర్చీలు గుండ్రంగా వేసుకుంటే శాలువాలకి చోటుండదు. మన వక్తలు అయిపోయాక ఇతర కులాల పాత విద్యార్థుల్నీ పిలవాలి, 2022 మే 24న మీరెక్కడున్నారండీ అని మర్యాదగానే అడగాలి.

మొదటి సభకి హాస్టల్లో చదివి లాయరో నర్సో టీచరో అయినవాళ్లు ఒక్కరు చాలు. ఫీజు ఎవరు కట్టారు, కులం ఎక్కడ దాచారు, ఎక్కడ చెప్పారు, పేటకి ఎన్నాళ్లకోసారి వెళ్తున్నారు అని అడగండి. సభ సాయంత్రం అయిదింటికల్లా ముగించాలి. రాజోలు వైపు పిల్లలకి బస్సు అందాలి, ఆడపిల్లలు హాస్టలు గేటు వెయ్యకముందే లోపలికి చేరాలి.