కరెంటు తీసేయడానికీ ధైర్యం కావాలి

2023 ఆగస్టు 8. హవాయి దీవుల్లోని లహైనా పట్టణం. ఉత్తరాన అధిక పీడనం, దక్షిణాన వందల మైళ్ళ అవతల సముద్రం మీద సాగిపోతున్న డోరా హరికేన్. ఆ రోజు గాలి కొండ మీంచి ఊరి మీదికి విరుచుకుపడింది. ఉదయం కరెంటు తీగలు తెగిపడి ఎండుగడ్డి అంటుకుంది. అగ్నిమాపక సిబ్బంది ఆర్పేశామనుకున్న ఆ నిప్పే మధ్యాహ్నం మళ్ళీ రాజుకుని ఊరిని మింగేసింది. 102 మంది చనిపోయారు. పెనుగాలులు వీస్తాయని వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది. అలాంటప్పుడు ముందుగానే సరఫరా ఆపేసే పద్ధతి అక్కడి విద్యుత్ సంస్థకు అప్పటికింకా లేదు.

తుపానుకు సిద్ధపడటం వేరు, కార్చిచ్చుకు సిద్ధపడటం వేరు. తుపాను తీగల మీదికి వస్తుంది. కార్చిచ్చు ఆ తీగల్లోంచే పుట్టవచ్చు.

కాలిఫోర్నియా ఈ సంగతి ప్రాణాలు పోగొట్టుకుని తెలుసుకుంది. 2018 నవంబరు 8న ‘పీజీ అండ్ ఈ’ అనే విద్యుత్ సంస్థ టవరు మీద ఒక ఇనుప కొక్కెం విరిగింది. తీగనూ దాని ఇన్సులేటర్లనూ మోసే కొక్కెం అది. దాదాపు వందేళ్ళుగా గాలికి ఊగి ఊగి, రాపిడికి అరిగి అరిగి, ఆ తెల్లవారుజామున పుటుక్కుమంది. జారిన తీగ టవరుకు తగిలింది. కరిగిన లోహం కింద ఎండుగడ్డి మీద పడింది. పారడైజ్ అనే ఊరు బూడిదైంది. 85 మంది బలయ్యారు. సంస్థ దివాలా పిటిషన్ వేసింది, 2020లో కోర్టులో 84 మరణాలకు నేరం ఒప్పుకుంది. ఎవరైనా దగ్గరికి వెళ్ళి ఆ కొక్కేన్ని పరిశీలించి, సకాలంలో మార్చి ఉంటే ఇంత ఘోరం జరిగేది కాదు.

ఇప్పుడు అక్కడ తేమ తగ్గి, గాలి పెరిగి, గడ్డి ఎండితే కరెంటు తీసేస్తారు. 2019 అక్టోబరులో లక్షల ఇళ్ళు చీకట్లో ఉండిపోయాయి. బే ఏరియాలోని మన తెలుగువాళ్ళలో చాలామందికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఆక్సిజన్ యంత్రం మీద బతికే రోగికి ఆ కోత ప్రాణసంకటం. అందుకే అలాంటి ఇళ్ళ జాబితా ముందే దగ్గర పెట్టుకోవాలి. గాలి ఆగగానే స్విచ్ వేయడానికీ లేదు. నడిచో, జీపులోనో, హెలికాప్టరులోనో లైను పొడవునా చూసి, కొమ్మ పడలేదని, తీగ తెగలేదని తేలాకే మళ్ళీ చార్జ్ చేస్తారు.

ఫ్లోరిడాది మరో దారి. అక్కడ పోటీ కాలంతో. 2005లో విల్మా హరికేన్ తర్వాత ఫ్లోరిడా పవర్ అండ్ లైట్ సంస్థకు అందరికీ మళ్ళీ కరెంటు ఇవ్వడానికి 18 రోజులు పట్టింది. 2017లో ఇర్మా అంతకంటే ఎక్కువ ఇళ్ళను, 44 లక్షల కనెక్షన్లను దెబ్బతీసినా 10 రోజుల్లో పని ముగిసింది. నడుమ పన్నెండేళ్ళలో స్తంభాలు తనిఖీ చేశారు, బలహీనమైనవి మార్చారు, తీగల మీదికి వచ్చిన చెట్ల కొమ్మలు కొట్టారు. తుపాను తీరం తాకకముందే పక్క రాష్ట్రాల లైన్‌మన్లు వచ్చి మకాం వేస్తారు. తుపాను దాటాక మొదట సబ్‌స్టేషన్లు, ఆసుపత్రులు, నీటి పంపులు. కాలనీల వంతు ఆ తర్వాతే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన విశాఖకు ఇదంతా కొత్త కాదు. ఆ తర్వాతే ప్రపంచ బ్యాంకు రుణంతో నగరంలో తీగలు భూమిలోకి దిగాయి. మంచి పనే. కానీ అన్ని ఊళ్ళకూ అంత డబ్బు లేదు. తీగలు భూమిలోకి దించాలంటే కాలిఫోర్నియాలోనే మైలుకు 30 లక్షల డాలర్ల పైమాట. కొమ్మలు కొట్టడం, అరిగిన సామాను మార్చడం మాత్రం ప్రతి విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కమ్) చేయగలిగిన పని. గాలి లేని నెలల్లో, ఎవరూ చూడనప్పుడు చేయాల్సిన పని.

అందుకే ఎండాకాలంలో మరమ్మతులకని మీ వీధిలో రెండు గంటలు కరెంటు తీస్తే విసుక్కోకండి. చెట్టు కొమ్మ తీగకు ఆనుకుని కనిపించినా, తీగ తెగి నేల మీద పడినా దగ్గరికి వెళ్ళకండి, 1912కు ఫోన్ చేయండి.