"సూపర్ అన్నా" అంటే ఫోటో బాగుపడదు

ఈ ఎపిసోడ్ ఏ ఫోన్ కెమెరా మంచిది, ఏ లెన్స్ కొనాలి అనే దాని మీద కాదు. అవి చెప్పేటోళ్లు మస్తుగున్నారు. ఈరోజు మనం మాట్లాడుకునేది ఒక్క విషయం. మన దోస్తు ఒక ఫోటో పంపి "ఎట్లుందిరా?" అని అడిగితే ఏం చెప్పాలి? మనమే పంపితే, ఎదుటివాళ్లు చెప్పింది ఎట్లా వినాలి?

మాది పెద్దవంగర. మహబూబాబాద్ జిల్లా. మా దగ్గర ఫోటోలకు కొదవ లేదు. బతుకమ్మ రోజుల్లో చెరువు దగ్గర, పత్తి తీసేటప్పుడు చేన్లలో, మిర్చి ఎండబోసినప్పుడు కల్లాల్లో, ఎవరి చేతిలో చూసినా ఫోన్. ఫోటోలు బోలెడు. ఆ ఫోటోను నింపాదిగా చూసి, ఉన్నమాట చెప్పేవాళ్లే తక్కువ.

హాబీకి కస్టమర్ లేడు

ఆగస్టు 19 ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం. 1839లో అదే తారీఖున డాగురె కనిపెట్టిన ఫోటో పద్ధతిని ఫ్రాన్స్ ప్రభుత్వం లోకానికి బయటపెట్టింది. మన దగ్గర మండలాల్లో స్టూడియోల వాళ్లు ఆరోజు డాగురె పటానికి దండేసి, కేక్ కోస్తారు. మీరు కూడా చూసే ఉంటారు.

ఆ స్టూడియో అన్నకూ, హాబీగా తీసే మనకూ పెద్ద తేడా ఏంటో చెప్పనా? కెమెరా కాదు. ఆయనకు కస్టమర్ ఉన్నాడు. పెళ్లి ఆల్బమ్‌లో పెళ్లికూతురు ముఖం చీకటిగా పడితే, వాళ్ల నాన్న వచ్చి "ఇదేంది?" అని నిలదీస్తాడు. మేనమామ ఒక్క ఫోటోలో కూడా లేకపోతే గొడవే. అట్లా మాట పడీ పడీ ఆయన చెయ్యి తిరుగుతుంది.

మనల్ని నిలదీసేవాళ్లు ఎవరు? ఎవ్వరూ లేరు. అందుకే మనకు దోస్తుల మాటే అద్దం. ఆ అద్దం అబద్ధం చెప్తే పదేళ్లు తీసినా మొదటి సంవత్సరం ఫోటోలే తీస్తుంటాం.

మనకు మామూలుగా వచ్చే జవాబులు మూడు రకాలు. ఒకటి, "సూపర్ అన్నా" అని రెండు నిప్పు గుర్తులు. రెండోది, "ఏం బాలేదురా". మూడోది, "ఏ ఫోన్ అన్నా ఇది?" ఈ మూడూ విన్న తర్వాత రేపు పొద్దున కెమెరా తెరిస్తే ఏం మార్చాలో తెలుస్తుందా? తెలియదు. మొదటిది చెవికి తీయగా ఉంటుంది, రెండోది చేదుగా ఉంటుంది. పనికిరాకపోవడంలో రెండూ ఒకటే.

పోటీలకు పంపితే తెలుస్తుంది కదా అని కొందరు అంటారు. పోటీ మంచిదే. ఫోటోగ్రఫీ సెలూన్లు అనే పోటీల్లో న్యాయనిర్ణేతలు ఫోటో చూసి మార్కులు వేస్తారు. ఫోటో తీసుకున్నారా లేదా అన్నది తెలుస్తుంది. కానీ మార్కు వేరు, ఫీడ్‌బ్యాక్ వేరు. పరీక్షలో 34 వచ్చిందని తెలిస్తే ఏ లెక్క తప్పిందో తెలిసినట్టు కాదు కదా.

మాట మనిషి మీదికి పోతే

దీని మీద మనస్తత్వ శాస్త్రంలో ఒక పేరున్న పరిశోధన ఉంది. 1996లో క్లూగర్, డెనిసి అని ఇద్దరు, అంతకుముందు ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన అధ్యయనాలన్నీ పోగేసి, 600కు పైగా ఫలితాలు కలిపి చూశారు. సగటున చూస్తే ఫీడ్‌బ్యాక్ వల్ల పని మెరుగైంది. ఇది మనం ఊహించేదే. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో, ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పని ఇంకా పాడైంది!

ఎందుకు? వాళ్లు ఇచ్చిన వివరణ నాకు బాగా నచ్చింది. మాట పని మీద ఉంటే మనిషి పని గురించి ఆలోచిస్తాడు. మాట మనిషి మీదికి పోతే "నేను ఇంతేనా?" అని తన గురించి ఆలోచించడం మొదలుపెడతాడు. దృష్టి పని మీద నుంచి జారిపోతుంది. పొగడ్త కూడా అంతే. "నువ్వు పుట్టు ఫోటోగ్రాఫర్‌వి" అన్నది కూడా మనిషి మీది మాటే.

నాకు తెలిసిన ఒక చెల్లె ఉంది, ఇంటర్ చదువుతుంది. బతుకమ్మ పేరుస్తున్న చేతులను చాలా బాగా తీసేది. తంగేడు, గునుగు, మధ్యలో ఆ చేతులు. ఒకసారి వాళ్ల చిన్నమ్మ ముఖం కూడా వచ్చేలా తీసి నలుగురికి చూపించింది. వచ్చిన మాటలన్నీ ఆ చిన్నమ్మ రంగు మీద, చీర మీద. ఫోటో గురించి ఒక్క ముక్క లేదు. ఆ పిల్ల ఫోటోలు తీయడం ఆపలేదు. చూపించడం ఆపేసింది. ఇంట్లో వాళ్ల ముఖాలు ఇక బయటికి రావు. ఇది చిన్న నష్టమేం కాదు. మన ఊళ్లను మన లోపలి నుంచి చూసే కళ్లు అట్లానే ఒక్కొక్కటి మూసుకుపోతాయి.

కాబట్టి మొదటి నియమం ఇది. ఫోటోలో ఉన్న మనిషి అందం మీద, రంగు మీద, బట్టల మీద వ్యాఖ్య ఫీడ్‌బ్యాక్ కాదు. ఒక్కటి మాత్రం అడగొచ్చు, అడగాలి కూడా. "వాళ్లను అడిగి తీసినవా? అందరికీ చూపిస్తవని వాళ్లకు తెలుసా?" అని.

కోడ్ రివ్యూ నుంచి ఒక పాఠం

నేను బీటెక్ చేసి కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. అక్కడ కోడ్ రివ్యూ అని ఉంటుంది. నువ్వు రాసిన కోడ్‌ను ఇంకొకరు చదివి ఒప్పుకున్నాకే అది అసలు ప్రాజెక్టులో కలుస్తుంది. మంచి రివ్యూయర్ "నీకు కోడింగ్ రాదు" అని రాయడు. "42వ లైన్‌లో లిస్ట్ ఖాళీగా వస్తే ఇది ఆగిపోతుంది, ముందు ఒక చెక్ పెట్టు" అని రాస్తాడు. ఎక్కడ, ఏమవుతుంది, ఏం చేయొచ్చు. మూడూ వచ్చేశాయి. మనిషి పేరే రాలేదు.

ఇంకోటి. 40 ఫైళ్లు ఒకేసారి పంపితే రివ్యూయర్ పైపైన చూసి "ఓకే" అంటాడు. చిన్న మార్పు పంపితే లైన్ లైన్ చదువుతాడు. ఫోటోలూ అంతే. 40 ఫోటోలు కుమ్మరించి "ఎట్లున్నయ్?" అంటే "సూపర్" అనే జవాబే వస్తుంది. ఒక్కటి పంపండి.

కానీ కోడ్‌కూ ఫోటోకూ ఒక తేడా ఉంది. కోడ్ ఏం చేయాలో ముందే రాసి ఉంటుంది. ఫోటో ఏం చేయాలో తీసినవాళ్ల మనసులో ఉంటుంది. అసలు చిక్కంతా ఇక్కడే.

ఒక్క ఫోటో, రెండు సలహాలు

ఒక ఉదాహరణ తీసుకుందాం. మధ్యాహ్నం ఎండ. కల్లం నిండా ఎర్రగా మిర్చి. మధ్యలో ఒకమ్మ కూర్చొని తాలుకాయలు ఏరుతుంది. తల మీద కొంగు, కిందికి వంగిన ముఖం. దోస్తు ఫోన్‌తో తీసి పంపిండు. చూస్తే మిర్చి అంతా ఎర్ర రంగు పూసినట్టు ఒకటే ముద్ద, కాయ కాయ విడిగా కనిపించట్లేదు. అమ్మ ముఖం నీడలో ఉంది.

ఎరుపు ఎందుకట్లా ముద్దైందంటే, ఫోన్ సెన్సార్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేరువేరుగా కొలుస్తుంది. అంత ఎర్రటి వస్తువు మీద గట్టి ఎండ పడితే ఎరుపు కొలత పైకప్పుకు తగిలి ఆగిపోతుంది. ఇక కాయకూ కాయకూ తేడా నమోదు కాదు. ఫోటో మొత్తంగా వెలుగు సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది, వివరం మాత్రం పోతుంది.

ఇప్పుడు ఏం సలహా ఇస్తారు? "స్క్రీన్ మీద మిర్చి దగ్గర వేలు నొక్కి పట్టి, వెలుగు తగ్గించు" అనొచ్చు. కాయలు విడివిడిగా కనిపిస్తాయి. కానీ అమ్మ ముఖం ఇంకా చీకటైతుంది. లేదా "ముఖం మీద నొక్కి వెలుగు పెంచు" అనొచ్చు. ముఖం కనిపిస్తుంది, మిర్చి ఇంకా ముద్దైతుంది. రెండు సలహాలూ కరెక్టే. రెండూ ఒకదానికొకటి ఎదురు. ఏది చెప్పాలో తేలాలంటే ఒక్కటే దారి. "నువ్వు ఎవరిని చూపిద్దామనుకున్నవ్? మిర్చినా, అమ్మనా?" అని అడగాలి. "రెండూ" అంటే అప్పుడు మూడో సలహా. "సాయంత్రం పొద్దు వాలినంక పోయి తీయ్. ఎండ పక్క నుంచి పడుతుంది, కొంగు కిందికి కూడా వెలుగు పోతుంది."

అందుకే చెప్పే ముందు అడగడం. వరంగల్‌కు చెందిన ఫోటోగ్రాఫర్ భరత్ భూషణ్ గారు, 2022లో కన్నుమూశారు, బతుకమ్మనూ తెలంగాణ పల్లె బతుకునూ ఏళ్ల తరబడి తీశారు. పల్లె ఇళ్ల గోడలు, తలుపులు కూడా ఆయన ఫోటోల్లో ఉంటాయి. ఎవరైనా చూసి "ఆ పాత గోడ ఎందుకు, మనిషి ముఖం దగ్గరికి తీయాల్సింది" అంటే ఎట్లుంటుంది? ఆ గోడే అక్కడ విషయం. ఉద్దేశం తెలియకుండా ఇచ్చే సలహా, మన ఫోటోను వాళ్లతో తీయించుకోవడమే అవుతుంది.

నాలుగు మెట్లు

అమెరికాలో లిజ్ లెర్మన్ అని డ్యాన్స్ కొరియోగ్రాఫర్ 1990లో ఒక పద్ధతి తయారుచేశారు. డ్యాన్స్ కోసం మొదలైనా, ఇప్పుడు చాలా కళల్లో వాడుతున్నారు. మనకు సరిగ్గా సరిపోతుంది.

ఒకటి. చూసినవాళ్లు తమకు ఏది తగిలిందో చెప్తారు. "బాగుంది" కాదు. "నా కన్ను ముందు ఆ చేతుల మీదికి పోయింది" లాంటిది.

రెండు. తీసినవాళ్లు ప్రశ్న అడుగుతారు. "ముఖం కనబడకపోయినా పని కష్టం తెలుస్తుందా?"

మూడు. ఇప్పుడు చూసినవాళ్లు అడుగుతారు, కానీ అభిప్రాయం దాచిపెట్టని ప్రశ్న. "ఎందుకింత చీకటి చేసినవ్?" అనేది ప్రశ్న కాదు, ప్రశ్న వేషం వేసుకున్న తిట్టు. "వెలుగు గురించి ఏమనుకొని తీసినవ్?" ఇది ప్రశ్న.

నాలుగు. చివరికి అభిప్రాయం, అదీ అనుమతి తీసుకొని. "ముఖం మీద నీడ గురించి నాదో మాట ఉంది, చెప్పాలా?" వద్దంటే అక్కడితో ఆపేయాలి. ఊరికే మర్యాద కోసం కాదిది. సరే అన్న మనిషి చెవి తెరిచి వింటాడు.

వాట్సాప్‌లో ఇద్దరి మధ్య నాలుగు మెట్లూ అయిదు నిమిషాల్లో అయిపోతాయి. లోపం చెప్పేది నలుగురిలో కాకుండా విడిగా చెప్తే ఇంకా మంచిది.

అడిగేవాళ్లకు, వినేవాళ్లకు

సగం పని అడిగేవాళ్లదే. "ఎట్లుంది?" అని అడగకండి. ఆ ప్రశ్నకు "బాగుంది" తప్ప ఇంకో జవాబు చెప్పాలంటే మన దగ్గర మొహమాటం అడ్డమొస్తుంది. "ఇందులో ఒక్కటి తీసేయాలంటే ఏం తీసేస్తవ్?" అని అడగండి. దోస్తు లోపం చెప్పక తప్పదు, నొప్పించినట్టూ ఉండదు.

పంపేటప్పుడు ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గిపోతుంది. అది చూసి "బ్లర్ ఉంది" అంటే ఆ బ్లర్ మీదా వాట్సాప్‌దా తెలియదు. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైల్ పోతుంది. కానీ మీ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు కూడా ఆ ఫైల్‌తోపాటే పోతుంది. ఇంట్లో తీసిన ఫోటోలైతే, తెలియనివాళ్లకు అట్లా పంపొద్దు.

వినేటప్పుడు వెంటనే జవాబు చెప్పకండి. "అప్పుడు ఎండ అట్లుంది, ఫోన్ పాతది" అని మొదలుపెడితే ఎదుటివాళ్లు ఆగిపోతారు. ఫోటో పక్కన నిలబడి మీరు ప్రతి ఒక్కరికీ వివరణ చెప్పలేరు కదా. విని, రాసుకొని, థ్యాంక్స్ చెప్పండి. ఒక్కరు ఒక మాటంటే అది వాళ్ల ఇష్టం కావొచ్చు. ఒకరికొకరు తెలియని ముగ్గురు అదే మూలను చూపిస్తే ఆ మూలలో ఏదో ఉన్నట్టే. ఏం మార్చాలో చెప్పే సలహా తప్పు కావొచ్చు, కానీ "ఇక్కడ నా కన్ను ఆగింది" అన్న మాట మాత్రం దాదాపు ఎప్పుడూ నిజమే. చివరికి మార్చాలా వద్దా అన్నది మీ నిర్ణయం. ఫోటో మీది.

ఈ వారం పని ఇది. మీ గ్యాలరీలో ఒక్క ఫోటో తీసుకోండి. ఒక్కరికి పంపండి. దాని కింద ఒక్క ప్రశ్న రాయండి. వాళ్లు చెప్పిన ఒక్క మార్పు చేసి, అదే చోటుకు పోయి మళ్లీ తీయండి. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఫీడ్‌బ్యాక్ పనిచేసిందో లేదో మీకే తెలుస్తుంది.

సరే మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.