తేనీరు – స్వరలిపి

తేనీరు దాహం తీర్చే పానీయమే కాదు, నలుగురిని ఒకచోట కూర్చోబెట్టే సాధనం కూడ. నలుగురు కూడినచోట పాట పుట్టడం సహజం. అయితే పుట్టిన పాట కలకాలం నిలవడానికి వ్రాత కావాలి. తేనీటిని గురించి పాశ్చాత్యులు అచ్చువేసిన పాత పియానో పాటలు ఈ సత్యాన్ని చక్కగా బోధిస్తున్నవి.

గ్రామఫోను వ్యాపించక పూర్వం ఐరోపా, అమెరికాలలో పాట ముఖ్యంగా అచ్చుకాగితంపైనే అమ్ముడుపోయేది. పైన రంగుల ముఖచిత్రం. లోపల ఐదేసి గీతల వరుసలలో స్వరాలు. పై వరుస కుడిచేతికి, క్రింది వరుస ఎడమచేతికి. పియానో ఉన్న ఇంట ఆ కాగితమే సంగీత కచేరి.

వీటిలో సుప్రసిద్ధమైనది ‘టీ ఫర్ టూ’. విన్సెంట్ యూమన్స్ స్వరపరచగా ఇర్వింగ్ సీజర్ రచించిన ఈ పాట ‘నో, నో, నానెట్’ అనే సంగీత నాటకం లోనిది. ఆ నాటకం 1925లో లండన్, న్యూయార్క్ నగరాలలో ప్రదర్శింపబడినది. పాట ఆరంభంలో వరుస కొద్ది స్వరాల నడుమ ఊయలవలె ఊగుతుంది. కనుక కొత్తగా నేర్చేవారికి సైతం సులభంగా పట్టుబడుతుంది. 1927లో రష్యన్ స్వరకర్త షోస్తకోవిచ్ ఒక పందెం మీద ఈ పాటను జ్ఞాపకంనుంచి గంటలోపుననే వాద్యబృందానికి అనువుగా వ్రాశాడు. విన్నదానిని వ్రాయగల విద్య అంతటి శక్తిగలది.

ఇక మన దేశం సంగతి చూద్దాం. మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ అహ్మద్‌నగర్ కోటలో బందీగా ఉండి వ్రాసిన లేఖలు 1946లో ‘గుబారె ఖాతిర్’ పేరున గ్రంథమైనవి. వాటిలో పాలు కలపని చైనా తేనీటి రుచిని వర్ణించారు. వెన్నెల రాత్రి తాజమహలు వద్ద తాము సితారు మీటిన ముచ్చటనూ తెలిపారు. మాటలు మనకు దక్కినవి. ఆ స్వరాలు లేఖలలో లేవు.

మన గరికపాడు, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో పెద్దల నోట నిలిచిన పెండ్లిపాటలు, కవ్వాలీలు, నాట్ల పాటలు కూడ వ్రాయకున్నచో వారితోనే అంతరించగలవు. విద్యార్థులు సెలవులలో ఒక్కొక్క పాటనైనను సాహిత్యంతో, స్వరాలతో సేకరించాలనీ, కళాశాల సంఘంవారు అందుకై గ్రంథాలయంలో ఒక పుస్తకం ఉంచాలనీ మా మనవి. ఉర్దూ లిపిలో వ్రాసినా, తెలుగు లిపిలో వ్రాసినా సరిగమలు ఒక్కటే కదా!