రాత్రి స్టేజీ మీద.. పగలు కాక్‌పిట్‌లో!

'డిగ్రీలో హిస్టరీ చదివి ఏం చేస్తావ్?' ఇంటికొచ్చిన బంధువులు మిమ్మల్నీ ఇలా అడిగే ఉంటారు. 'ముందు ఒక్క పని మీద ధ్యాస పెట్టు, గిటారూ పాటలూ తర్వాత' అన్న సలహా కూడా వినే ఉంటారు. అయితే బ్రూస్ డికిన్సన్ గురించి తెలుసుకోండి.

బ్రిటన్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ గాయకుడాయన. లండన్‌లోని క్వీన్ మేరీ కాలేజీలో చదివింది హిస్టరీయే. 1981లో బ్యాండ్‌లో చేరారు. మరుసటి ఏడాది ఆల్బమ్‌తోనే ప్రపంచమంతా పేరొచ్చింది. అక్కడితో ఆగినా ఎవరూ ఏమీ అనేవారు కాదు.

పేరు చెల్లని చోట..

బ్యాండ్ డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్ పైలట్ లైసెన్సు సంపాదించడం చూసి డికిన్సన్‌కూ ఆశ పుట్టింది. 1990ల్లో ఫ్లోరిడాలో చిన్న విమానాలతో మొదలుపెట్టారు. స్టేజీ మీద ఎంత పేరున్నా కాక్‌పిట్‌లో చెల్లదు. రాతపరీక్షలు, వైద్య పరీక్షలు, లాగ్‌బుక్‌లో గంటలు.. అందరిలాగే ఆయనకూ తప్పలేదు. చివరికి ఆస్ట్రేయస్ ఎయిర్‌లైన్స్‌లో బోయింగ్ 757 కెప్టెన్ అయ్యారు. 2008 ప్రపంచ యాత్రలో బ్యాండ్‌నీ, సిబ్బందినీ, టన్నులకొద్దీ సామగ్రినీ ఆ రకం విమానంలోనే తిప్పారు. దాని పేరు 'ఎడ్ ఫోర్స్ వన్'. ఆ యాత్రలో తొలి కచేరీ ఫిబ్రవరి 1న మన ముంబయిలోనే!

దెబ్బలూ తగిలాయి. 2011లో ఆ ఎయిర్‌లైన్స్ మూతపడింది. మరుసటి ఏడాది వేల్స్‌లో విమానాల నిర్వహణ, మరమ్మతుల సంస్థ పెట్టారు. తర్వాత గొంతు క్యాన్సర్ బయటపడింది. 2015లో కోలుకుని, 2016 యాత్రకు ఇంకా పెద్దదైన బోయింగ్ 747 నడపడానికి మళ్లీ శిక్షణ తీసుకున్నారు.

కార్పొరేట్ సదస్సుల్లో వక్తగానూ ఆయనకు గిరాకీ ఉంది. వినియోగదారుల్ని అభిమానులుగా మార్చుకోవడం ఎలాగో చెబుతారు. బ్యాండ్‌లో, ఎయిర్‌లైన్స్‌లో పనిచేసి నేర్చుకున్నదే ఆ ప్రసంగాలకు సరుకు.

మరి మీరు?

ఒక నిజం మరచిపోవద్దు. డికిన్సన్‌కు అప్పటికే పాటల సంపాదన ఉంది. మన దగ్గర పైలట్ శిక్షణకు లక్షల్లో ఖర్చవుతుంది. అందుకే తొందరపడి ఫీజు కట్టేయకండి.

* కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. 200 గంటల ఫ్లయింగ్ అనుభవం ఉండాలి.
* ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ అడుగుతారు. ఆర్ట్స్, కామర్స్ వాళ్లు ఓపెన్ స్కూల్ ద్వారా ఆ సబ్జెక్టులు పాస్ కావొచ్చు.
* ముందు వైద్య పరీక్ష, ఆ తర్వాతే ఫీజు. చేరే ముందు డీజీసీఏ తాజా నిబంధనలు చూసుకోండి.
* వక్త కావాలంటే కాలేజీ సెమినార్‌లో పది నిమిషాలు మాట్లాడటంతో మొదలుపెట్టండి.

పైలట్ కావడం మీ లక్ష్యం కాకపోవచ్చు, ఫర్వాలేదు. డికిన్సన్ రెండో పని కోసం పాటను వదిలేయలేదు. పాటలో పేరుంది కదా అని రెండో పనిలో రాయితీ అడగలేదు. ప్రతి పనినీ మొదటి మెట్టు నుంచే నేర్చుకున్నారు. మీ ఇంట్లో మూలన పెట్టిన గిటారుందా? దాన్ని అమ్మేయకండి. పరీక్షల పుస్తకం పక్కనే ఉండనివ్వండి.