ఉప్పు చెమట, చిక్కటి కఫం

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం మొదలై నూరేళ్లు దాటింది. అప్పట్లో ఊపిరితిత్తుల జబ్బు వస్తే ఇల్లు వదిలి నెలల తరబడి అక్కడే ఉండాలని నమ్మేవారు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన ఆ నమ్మకాన్ని కదిలించింది. ఇంట్లో ఉండి మందులు వాడిన క్షయ రోగులు కూడా, తిండి అంతంతమాత్రమైనా, శానటోరియంలో ఉన్నవాళ్లకు దీటుగా కోలుకున్నారు.

క్షయకు ఇల్లు సరిపోయింది; సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు జబ్బులో అయితే రోజువారీ సేవకు ఇల్లే ఆస్పత్రి. వేరే దారి లేదు. పెద్దపంజాణి లాంటి పల్లెలో పదిహేనేళ్ల పిల్లకు ఈ జబ్బుంటే, రోజూ రెండు పూటలా కఫం తీయించాల్సింది ఇంట్లోవాళ్లే.

అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న సీఎఫ్‌టీఆర్ జన్యువు వస్తేనే ఈ జబ్బు. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. ఊపిరితిత్తుల్లో కణాల నుంచి క్లోరైడ్ సరిగా బయటికి రాదు, దాని వెంట రావాల్సిన నీరూ రాదు. కఫం చిక్కటి బంకలా గాలి గొట్టాలకు అంటుకుంటుంది, అందులో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. చెమట గ్రంథుల్లో కథ తిరగబడుతుంది: వెనక్కి పీల్చుకోవాల్సిన ఉప్పు ఒంటి మీదికి పోతుంది.

ఇంటి సేవలో వరస ముఖ్యం. మొదట గొట్టాలను తెరిచే సాల్బుటమాల్. తర్వాత నెబ్యులైజర్‌లో గాఢమైన ఉప్పునీరు, అది నీటిని లాగి కఫాన్ని పలచన చేస్తుంది. ఆపైన ఛాతీ తట్టడం, నోరు బాగా తెరిచి ‘హా’ అని బలంగా గాలి వదలడం. పీల్చే యాంటీబయాటిక్ ఆఖరున. ముందే ఇస్తే మందు కఫం మీద పడి వృథా.

నెబ్యులైజర్ కప్పును కడిగి, 5 నిమిషాలు మరగించి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి మిగిలితే సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. కట్టెల పొయ్యి పొగ ఆ పిల్ల దరిదాపుల్లో ఉండకూడదు.

సంగటిలో నెయ్యి, పక్కన చెనక్కాయల ఊరుబిండి మంచివే. చాలామందికి కొవ్వు అరగడానికి ప్రతి భోజనంతోనూ ఎంజైమ్ గుళికలు కావాలి. ఎండాకాలం వైద్యులు ఉప్పు పెంచమంటారు. ఉప్పు తగ్గించమని సలహాలిచ్చే చుట్టాలకు మజ్జిగ ఇచ్చి పంపేయవచ్చు!

2019లో అమెరికా ఆమోదించిన మూడు మందుల గుళిక జన్యులోపం రకాన్ని బట్టి అద్భుతంగా పనిచేస్తుంది. అక్కడి ధర ఏడాదికి 3 లక్షల డాలర్ల పైమాటే. మన దేశంలో 2021 అరుదైన వ్యాధుల విధానం కింద సాయం కోసం హైదరాబాద్ నిమ్స్‌ను అడగవచ్చు. పెద్దపంజాణి నుంచి వెళ్లగలిగే పెద్దాస్పత్రుల్లో వేలూరు సీఎంసీ ఒకటి. కఫం రంగు మారినా, బరువు తగ్గినా, ఆయాసం పెరిగినా చూసే వైద్యులకు వెంటనే చెప్పాలి. దగ్గులో గుక్కెడు రక్తం పడితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి బయల్దేరాలి.