ఇంటి బల్ల మీద తయారయ్యే ముద్రలు

జుమా నమాజు తర్వాత మస్జిద్ కమిటీ వారు చందా రసీదు చేతికిస్తే మన చూపు ముందుగా పోయేది కింద ఉన్న గుండ్రని ముద్ర మీదికే. సంతకం ఎవరిదో పోల్చుకోలేకపోయినా సరే, ముద్ర ఉంటే రసీదు మడిచి జేబులో పెట్టుకుంటాం. మదర్సా ఇచ్చే సర్టిఫికెట్ మీద, నికాహ్‌నామా మీద, దుకాణం బిల్లు మీద, గల్ఫ్‌కు వెళ్లే కుర్రాడి కాగితాల మీద... మన జీవితాల్లో ముద్రలకు కొదవ లేదు. అలాంటి ముద్రను ఇప్పుడు ఇంట్లో బల్ల మీద, చిన్న లేజర్ యంత్రంతో చెక్కుకోవచ్చు. ఇంటి పట్టున ఉండి నాలుగు రాళ్లు సంపాదించుకోవాలనుకునే కుటుంబాలకు ఇది పనికొచ్చే విద్య. అయితే ఇందులో నేర్చుకోవలసిందీ ఉంది, జాగ్రత్త పడవలసిందీ ఉంది.

పూర్వం స్టాంపు కావాలంటే కచేరీల దగ్గరి దుకాణానికి వెళ్లేవాళ్లం. దుకాణదారు సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి చట్రంలో బిగించి, దాని నుంచి అచ్చు తీసి, ఆ అచ్చులో పచ్చి రబ్బరు పెట్టి వేడి ప్రెస్సులో వొత్తేవాడు. గంధకం కలిపిన రబ్బరు వేడికి గట్టిపడి అక్షరాన్ని నిలుపుకుంటుంది. ఇలా రబ్బరును గట్టిపరిచే పద్ధతికే అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంటు పొందాడు. తర్వాతి కాలంలో ఫిల్ము నెగటివ్ మీద ద్రవ పాలిమర్ పోసి అతినీలలోహిత కాంతితో గట్టిపరిచే స్టాంపులు వచ్చాయి. అవి చవక, పైగా త్వరగా అవుతాయి. లేజర్ పద్ధతిలో అచ్చుతోనూ ఫిల్ముతోనూ పని లేదు. ముందే గట్టిపడిన రబ్బరు షీటు మీద కాంతికిరణం అటూ ఇటూ తిరుగుతూ అక్షరం కాని చోటునంతా కాల్చివేస్తుంది. మిగిలిందే అక్షరం. ఆస్ట్రియాలో 1912లో మొదలైన ట్రోడాట్ అనే స్టాంపుల కంపెనీ ఈ పని కోసం లేజర్ యంత్రాల్లోకి దిగి, ఆ విభాగాన్ని 1997లో ట్రోటెక్ పేరుతో వేరే కంపెనీగానే నిలబెట్టింది.

ఇళ్లలో వాడే యంత్రాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి నీలి కాంతినిచ్చే డయోడ్ లేజర్, రెండోది గాజు గొట్టంలో కార్బన్ డయాక్సైడ్ వాయువుతో పనిచేసేది. రబ్బరుకు రెండోదే మేలు. వేగంగానూ శుభ్రంగానూ చెక్కుతుంది. కాకపోతే అది బరువైన పెట్టె, గొట్టం చల్లబడటానికి నీళ్లు తిరుగుతూ ఉండాలి. తక్కువ ఖర్చులో మొదలుపెట్టేవారు డయోడ్ యంత్రమే కొంటున్నారు. ముదురు రంగు రబ్బరు మీద అదీ బాగానే పనిచేస్తుంది, కొంచెం ఓపిక కావాలంతే. కొనేటప్పుడు ఒక మాట అడగాలి. పెట్టె మీద వేసిన వాట్లు యంత్రం లాగే కరెంటువా, కాంతివా? 40 అని పెద్దక్షరాలతో వేసి, లోపల కాంతి 5 వాట్లే ఉండే యంత్రాలు ఉన్నాయి.

రబ్బరు షీటును "లేజర్ రబ్బరు" అని పేరు పెట్టి అడగాలి. ఏ4 సైజులో, సాధారణంగా 2.3 మిల్లీమీటర్ల మందంతో దొరుకుతుంది. దాదాపు ఒక మిల్లీమీటరు లోతు చెక్కితే చాలు. లోతు తక్కువైతే అక్షరాల మధ్య ఖాళీలకు కూడా సిరా అంటి కాగితం మీద మరకలు పడతాయి. దుకాణాల బిల్లుల మీద మనం చూసే స్వయంగా సిరా పట్టే పెట్టె స్టాంపుల్లో 38 × 14, 47 × 18, 58 × 22 మిల్లీమీటర్ల కొలతలు మామూలు. చెక్కిన రబ్బరును ఆ కొలతకు కత్తిరించి, రెండు వైపులా అంటుకునే టేపుతో పెట్టెకు అతికిస్తే పని పూర్తవుతుంది. చెక్కగానే రబ్బరు నిండా నల్లటి పొడి ఉంటుంది. పాత టూత్‌బ్రష్షుతో సబ్బునీళ్లలో కడిగి, ఆరాక సిరా అద్దాలి.

అసలు విద్య ఉన్నది అక్షరాల దగ్గర. ముద్రను తిరగేసి చెక్కాలని అందరికీ తెలుసు. ఉర్దూ కాగితం మీద కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కనుక రబ్బరు మీద ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. తిరగేసిన ఉర్దూను చదివి తప్పు పట్టడం ఉర్దూ బాగా వచ్చిన వారికీ కష్టమే. అందుకే చెక్కకముందే కాగితం మీద సరైన వైపున అచ్చు తీసి, ఇంట్లో ఉర్దూ చదివే నానీకో దాదాకో చూపించి, "ఔను, ఇదే" అనిపించుకోవాలి. ఇంకో సంగతి. అక్షరాలను కంప్యూటర్‌లో గీతలుగా మార్చాకే యంత్రానికి పంపాలి. లేకపోతే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఉర్దూ అక్షరాలు ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడిగా పడతాయి.

నస్తాలీఖ్ రాతలో పదం పైనుంచి కిందికి మెట్లు దిగినట్టు వాలుతుంది. ఇంగ్లీషులో రెండు వరుసలు పట్టే 14 మిల్లీమీటర్ల ఎత్తులో ఉర్దూ ఒక వరుస హాయిగా పడితే అదే చాలు. నుక్తాల సంగతి మరీ సున్నితం. రబ్బరు మీద నుక్తా అంటే ఒంటరిగా నిలిచిన సన్నని స్తంభం. నాలుగు రోజులు వాడేసరికి అది ఒరిగిపోతుంది, లేదా తెగిపోతుంది. నుక్తా పోతే 'జాకిర్'లోని 'జాల్' కాస్తా 'దాల్' అయి, ఆ పేరు 'దాకిర్' అయి కూర్చుంటుంది! దీనికి మందు ఉంది. మినారు అడుగున వెడల్పుగా ఉండి పైకి సన్నబడినట్టు, అక్షరం చుట్టూ ఏటవాలుగా రబ్బరును వదలాలి. లేజర్‌ను నడిపే కొన్ని సాఫ్ట్‌వేర్లలో దీనికి ప్రత్యేకమైన ఏర్పాటు ఉంటుంది. దాని కోసం ఒక పూట కూర్చుని సాధన చేసినా తక్కువే అంటాం మేము.

తెలుగు కూడా తక్కువది కాదు. 'అబ్దుర్రహ్మాన్' అని రాస్తే ఒత్తుల మీద ఒత్తులు. చిన్న సైజులో చెక్కితే ఆ సందులన్నీ సిరాతో పూడిపోయి నల్లటి ముద్ద మిగులుతుంది. 'ఫ'కూ 'ప'కూ తేడా కింది చిన్న గీతే కదా. అది చెరిగితే ఫాతిమా పాతిమా అవుతుంది. పలుచని అందమైన ఫాంట్లు పెళ్లి కార్డులకు బాగుంటాయి, స్టాంపుకు మాత్రం బొద్దు అక్షరాలే మేలు.

ఇక కుటుంబాల వారు తప్పక తెలుసుకోవలసిన విషయం. రబ్బరు కాలితే గంధకపు వాసనతో దట్టమైన పొగ వస్తుంది. వంటింట్లోనో, పిల్లలు పడుకునే గదిలోనో ఈ పని వద్దు. పొగను గొట్టం ద్వారా బయటికి తోసే ఫ్యాను ఉండాలి. ఆ గొట్టం పక్కింటి కిటికీలోకి తిరగకుండా చూసుకోవాలి. పొరుగువారి హక్కు మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. రెగ్జిన్, పీవీసీ షీట్లను ఎట్టి పరిస్థితుల్లోనూ ఈ యంత్రంలో పెట్టరాదు. వాటి నుంచి వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, యంత్రానికీ తుప్పు పట్టిస్తుంది. నీలి లేజర్ కాంతి కంటి లోపలి పొరను కాల్చగలదు. మామూలు నల్ల కళ్లద్దాలు దీనికి పనికిరావు. మీ లేజర్ తరంగదైర్ఘ్యానికి, శక్తికి తగినవని రాసి ఉన్న కళ్లద్దాలే పెట్టుకోవాలి. యంత్రం నడుస్తుంటే దాన్ని వదిలి నమాజుకో బజారుకో పోరాదు. ఆపి వెళ్లండి, నిప్పు అంటుకోవడానికి ఒక్క నిమిషం చాలు.

ఇంతకన్నా పెద్ద జాగ్రత్త మరొకటి ఉంది. యంత్రం ఇంటికి వచ్చిన సంగతి బజారుకు తెలిసిన నాటి నుంచి రకరకాల మనుషులు వస్తారు. "భాయ్, ఫలానా కాలేజీ ప్రిన్సిపాల్ స్టాంపు కావాలి, ఫొటో ఉంది, అలాగే కొట్టివ్వు" అంటారు. ఖాజీ ముద్ర, నోటరీ ముద్ర, డాక్టరు ముద్ర కూడా అడుగుతారు. ఫొటో నుంచి ముద్రను యథాతథంగా దించడం లేజర్‌కు చిటికెలో పని. ఫోర్జరీ కోసమని తెలిసి ముద్రలు తయారు చేయడం, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 341వ సెక్షను దీని గురించే. కొన్ని రకాల ఫోర్జరీకి ఉద్దేశించిన ముద్రలైతే శిక్ష యావజ్జీవం దాకా పోతుంది.

చట్టం పుట్టకముందు నుంచే మనకు ఈ విషయం తెలుసు. ముద్ర లేని లేఖను రోమన్లు స్వీకరించరని చెప్పినప్పుడు దైవప్రవక్త (స) వెండి ఉంగరం చేయించుకుని, దాని మీద 'ముహమ్మద్', 'రసూల్', 'అల్లాహ్' అనే మూడు మాటలను మూడు వరుసలుగా చెక్కించారు. అదే చెక్కడాన్ని మరెవరూ తమ ఉంగరాల మీద చెక్కించుకోరాదని కూడా అన్నారు. ఆ ఉంగరం ఆ తర్వాత హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి), హజ్రత్ ఉస్మాన్ (రజి)ల చేతికి వచ్చింది. హజ్రత్ ఉస్మాన్ కాలంలో అది అరీస్ బావిలో పడిపోతే మూడు రోజులు వెదికించినా దొరకలేదు.

పరాయి ముద్రల జోలికి పోకుండానే ఈ చేతికి చాలినంత పని ఉంది. పుస్తకాల మీద వేసుకునే పేరు ముద్రలు, అత్తరు సీసాల అట్టపెట్టెలకు, కుట్టుపని చేసే అక్కచెల్లెళ్ల బట్టల సంచులకు, ఈదీ కవర్లకు, మిఠాయి డబ్బాలకు ముద్రలు, టీచర్లు పిల్లల నోటు పుస్తకాల్లో వేసే 'షాబాష్' ముద్రలు. మస్జిద్, మదర్సా, సొసైటీల స్టాంపులైతే కమిటీ తీర్మానం నకలు గానీ, లెటర్‌హెడ్ మీద బాధ్యుల సంతకంతో రాసిన కోరిక గానీ తీసుకున్నాకే చెక్కాలి. నిజంగా తమ పనికే అడిగేవారు ఆ కాగితం తేవడానికి వెనకాడరు.

ఒక లావుపాటి నోటు పుస్తకం కొనిపెట్టుకోండి. చేసిన ప్రతి స్టాంపు తొలి ముద్రను అందులో వేసి, పక్కనే తేదీ, అడిగినవారి పేరు, ఫోను నంబరు రాసి సంతకం చేయించుకోండి. రబ్బరు అరిగిపోయి అదే స్టాంపు మళ్లీ కావాలని వచ్చినప్పుడు కొలతలూ అక్షరాలూ ఆ పుస్తకంలోనే దొరుకుతాయి.