సూట్‌కేసులో మందుల పరీక్షశాల

మలేరియా ముదిరిన మనిషిని బతికించే మందుల్లో ఆర్టెసునేట్ ముఖ్యమైనది. ఆగ్నేయాసియా దుకాణాల్లో కొన్న ఆర్టెసునేట్ నమూనాల్లో 38 శాతంలో అసలు ఆ మందే లేదని 2001లో ‘లాన్సెట్’ పత్రిక బయటపెట్టింది. పెట్టెల మీది హోలోగ్రామ్‌లకు కూడా నకళ్లు తయారయ్యాయి. పైపైన చూసి నకిలీని పసిగట్టడం కష్టం. పరీక్షించే ప్రయోగశాలలేమో రాజధానుల్లో ఉంటాయి, మాత్రలు మారుమూల పల్లెల్లో అమ్ముడవుతాయి.

ఈ దూరాన్ని దాటడానికి పుట్టిందే సూట్‌కేసులో ఇమిడే పరీక్షల పెట్టె, మినీల్యాబ్. జర్మనీకి చెందిన మెర్క్ కంపెనీ అండతో నడిచే గ్లోబల్ ఫార్మా హెల్త్ ఫండ్ దీన్ని 1990ల చివర్లో రూపొందించింది. 1900ల మొదట్లో రష్యన్ వృక్షశాస్త్రవేత్త స్వెట్ ఆకుల రంగులను విడదీసిన క్రొమటోగ్రఫీయే దీనికి మూలం. ఆ పద్ధతిని పలుచని పొర మీద చేసేలా 1950ల్లో స్థిరపరిచినవాడు జర్మన్ శాస్త్రవేత్త ఎగోన్ స్టాల్.

పరీక్ష ఇలా జరుగుతుంది. మాత్రను అల్యూమినియం రేకులో చుట్టి నలగ్గొడతారు. పొడిని ద్రావకంలో కరిగించి, పైన తేరిన ద్రవాన్ని సన్నని గాజు గొట్టంతో తీసి, సిలికా పూసిన చిన్న పలక అడుగున చుక్కగా అద్దుతారు. పక్కనే పోల్చుకోవడానికి అసలు మందు చుక్కలు రెండు: ఒకటి పూర్తి మోతాదు, మరొకటి 80 శాతం. పలకను ద్రావకమున్న సీసాలో నిలబెడితే, గుడ్డలో సిరా పాకినట్టు ద్రావకం పైకెక్కుతూ మందును వెంట తీసుకుపోతుంది. ఏ మందు ఎంత ఎత్తుకు చేరాలో దానికి లెక్క ఉంది. ఆరిన పలకను అతినీలలోహిత దీపం కింద పెడితే ఆకుపచ్చ వెలుగులో నల్లటి మచ్చలు తేలతాయి. మచ్చ ఎత్తు మారితే అది వేరే మందు. మచ్చే లేకపోతే మందే లేదు. 80 శాతం మచ్చకన్నా వెలవెలబోతే మోతాదు తక్కువ. ఈ దీపానికి కనపడని మందులకు వేరే రసాయనాలతో రంగు తెప్పిస్తారు.

మోతాదులో కొద్దిపాటి లోటును ఈ పెట్టె పట్టలేదు. అనుమానం వచ్చిన నమూనాను పెద్ద ప్రయోగశాలకు పంపాల్సిందే. అయినా ముందుగా అనుమానించడమే ప్రాణాలు కాపాడుతుంది. 2017లో కామెరూన్‌లో బీపీ మాత్రలని అమ్మినవాటిలో రక్తంలో చక్కెరను తగ్గించే గ్లైబెన్‌క్లమైడ్ బయటపడింది. షుగరు లేని మనిషికి అది ప్రాణాంతకం కావచ్చు.

పేద, మధ్యాదాయ దేశాల్లో ప్రతి పది మందుల్లో ఒకటి నాసిరకమో నకిలీయో అని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా కట్టింది. మచ్చ చూసిన ఫార్మసిస్టు మాట వెంటనే ఔషధ నియంత్రణాధికారికి చేరాలి, ఆ బ్యాచ్ దుకాణాల్లోంచి తొలగాలి. పరీక్షను ఊరి దాకా తెచ్చాం. చర్య కూడా అంతే వేగంగా ఊరికి రావాలి.